షయాన్ 1996: ఆ సెస్నాకి స్పీడ్ ఎక్కడ పోయింది

టేకాఫ్‌లో జరిగే స్టాల్ ప్రమాదాల (స్టాల్ అంటే స్పీడ్ చాలక రెక్క విమానాన్ని మోయలేకపోవడం) గురించి స్టూడెంట్స్‌కి చెప్పాల్సి వస్తే నేను ఎక్కువగా పట్టుకునే కేస్ ఇదే. ఇందులో ఇంజిన్ ఆగిపోలేదు, రెక్క ఊడిపోలేదు, పక్షి తగల్లేదు, కంట్రోల్ కేబుల్ తెగలేదు. బాగా పనిచేస్తున్న విమానం, లైసెన్స్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్, పొడవైన రన్‌వే, అయినా గాల్లోకి లేచిన కాసేపటికే ముక్కు కిందకి పెట్టి నేల మీద పడింది. ఇలాంటి కేస్‌లో "ఏం పాడైంది" అని వెతికితే ఏమీ దొరకదు. "ఏమేం తరిగిపోయింది" అని వెతకాలి.

ముందు జరిగింది చెప్తా. 1996 ఏప్రిల్ 11, ఉదయం 8:24 ప్రాంతం, అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, షయాన్ ఎయిర్‌పోర్ట్. విమానం సెస్నా 177బి, అంటే కార్డినల్, నాలుగు సీట్లది, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్. ముందు ఎడమ సీట్లో ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, కుడి సీట్లో ఆమె ఇన్‌స్ట్రక్టర్ (విమానం ఆయనదే, వయసు 52), వెనక సీట్లో ఆమె తండ్రి. అమెరికాని ఈ చివర నుంచి ఆ చివరకి విమానం నడిపిన అతి చిన్న వయసు పిల్లగా జెస్సికా పేరు రావాలన్నది ట్రిప్ ఉద్దేశం. కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే నుంచి మసాచుసెట్స్‌లోని ఫాల్‌మౌత్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి, అంతా కలిపి 8 రోజుల ప్లాన్. అప్పటికి అలాంటి రికార్డ్‌ని అధికారికంగా గుర్తించే సంస్థ ఏదీ లేదు, కానీ టీవీలు పేపర్లు మాత్రం వెంటే ఉన్నాయి. మొదటి రోజు ఏప్రిల్ 10న హాఫ్ మూన్ బేలో బయల్దేరి, నెవాడాలో ఎల్కో, వయోమింగ్‌లో రాక్ స్ప్రింగ్స్ దగ్గర ఆగి, సాయంత్రానికి షయాన్ చేరారు. రెండో రోజు ఉదయం వర్షంలో, తుఫాను మేఘం దగ్గరికి వస్తుండగా, నెబ్రాస్కాలోని లింకన్ వైపు వెళ్దామని 30 నంబర్ రన్‌వే నుంచి లేచారు. చూసినవాళ్లంతా దాదాపు ఒకటే చెప్పారు, విమానం నెమ్మదిగా, తక్కువ ఎత్తులో, ముక్కు బాగా పైకెత్తి, రెక్కలు అటూ ఇటూ ఊగుతూ వెళ్తోంది, మెల్లగా కుడి వైపు తిరిగింది, కొన్ని వందల అడుగుల ఎత్తు నుంచి ముక్కు కిందకి వేసి దాదాపు నిట్టనిలువుగా ఇళ్ల మధ్య రోడ్డు మీద పడింది. ముగ్గురూ చనిపోయారు. కింద ఎవరికీ ఏం కాలేదు.

జనం ఈ కేస్‌ని "చిన్న పిల్ల చేతికి విమానం ఇచ్చారు, పడిపోయింది" అని గుర్తుపెట్టుకున్నారు. అది తప్పు. అమెరికా రూల్స్ ప్రకారం ఒంటరిగా విమానం నడపాలంటే 16 ఏళ్లు ఉండాలి, ప్రైవేట్ లైసెన్స్‌కి 17, కాబట్టి కాగితం మీద ఆ పిల్ల ప్యాసింజర్ మాత్రమే, బాధ్యత మొత్తం ఇన్‌స్ట్రక్టర్‌దే. పైగా ప్రమాదం జరిగిన టైమ్‌లో కంట్రోల్స్ పట్టుకుని నడిపింది కూడా ఆయనేనని ఎన్‌టీఎస్‌బీ, అంటే అక్కడ రవాణా ప్రమాదాల మీద దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ, గాయాల తీరు చూసి తేల్చింది. అనుభవం ఉన్న పెద్ద మనిషి చేతిలో జరిగిన స్టాల్ ఇది. అందుకే ఇది మనందరి కేస్.

ఎన్‌టీఎస్‌బీ చెప్పిన కారణం నా మాటల్లో: ఉరుములు, గస్ట్‌లు (ఉన్నట్టుండి కొట్టే గాలి విసురులు), వాన దగ్గరపడుతున్న వాతావరణంలోకి, బరువు లిమిట్ దాటిన విమానంతో, తనకి అలవాటు ఉన్నదానికంటే ఎక్కువ డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో (గాలి ఎంత పల్చగా ఉందో ఎత్తు లెక్కలో చెప్పే కొలత) టేకాఫ్ చేయాలని పైలట్ తీసుకున్న నిర్ణయం తప్పు, ఎయిర్‌స్పీడ్ (చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం) నిలబెట్టుకోలేక స్టాల్ అయింది. దానికి తోడు మితిమీరిన షెడ్యూల్, కొంతవరకు మీడియాకి ఇచ్చిన మాటల వల్ల ఆ షెడ్యూల్‌కి కట్టుబడాలన్న తాపత్రయం. ఆ వాక్యాలు చదివితే అంతా తెలిసిపోయినట్టే ఉంటుంది, కానీ ఆ స్పీడ్ ఎక్కడెక్కడ ఎంతెంత కరిగిందో లెక్క వేస్తే గానీ అసలు సంగతి బుర్రకెక్కదు.

బరువుతో మొదలుపెడదాం. 177బి కి టేకాఫ్ బరువు లిమిట్ 2500 పౌండ్లు. ఆ రోజు 2596. అంటే 96 పౌండ్లు ఎక్కువ, నేల తాకే టైమ్‌కి 84 ఎక్కువ. (మధ్యలో తగ్గిన 12 పౌండ్లు అంటే రెండు గ్యాలన్ల ఇంధనం, టాక్సీకి, అంటే రన్‌వే దాకా నేల మీద నడపడానికి, టేకాఫ్‌కి కాలినంత.) నాలుగు శాతం కూడా కాదు. నాలుగు సీట్ల విమానంలో నలుగురు కూర్చుని ట్యాంకులు నింపి సామాన్లు వేసుకోవచ్చు అనుకునేవాళ్లు ఎంతమందో, లెక్క వేసి చూస్తే చాలా విమానాల్లో అది కుదరదు, అయినా పొడవైన రన్‌వే, చల్లటి పూట, సముద్ర మట్టం అయితే 96 పౌండ్లు తేడాని విమానం అసలు చూపించదు కూడా. అందుకే అది అలవాటుగా మారుతుంది. స్టాల్ స్పీడ్ బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి నాలుగు శాతం బరువుకి స్టాల్ స్పీడ్ పెరిగేది రెండు శాతం. 60 నాట్ల (నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) దగ్గర స్టాల్ అయ్యే రెక్క 61 దగ్గర అవుతుంది. అంతే. బరువు వల్లే పడిపోయింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బరువు తన వంతు తీసుకుంది, అంతవరకే.

తర్వాత గాలి పల్చదనం. షయాన్ ఎయిర్‌పోర్ట్ సముద్ర మట్టానికి 6100 అడుగుల పైన ఉంటుంది, ఆ ఉదయం డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6670 అడుగులు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనగానే మండే ఎండ, వేడి రన్‌వే గుర్తొస్తాయి అందరికీ, అదే ఇక్కడ మోసం, ఎందుకంటే అది ఏప్రిల్ ఉదయం, చలి, వాన. ఎండ లేదు కదా అని ఆ విషయం మీద ధ్యాసే పోదు. కానీ విమానాశ్రయమే అంత ఎత్తున ఉంటే చలి ఏం కాపాడుతుంది. 6670 అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే 82 శాతం ఉంటుంది. టర్బో లేని ఇంజిన్‌కి పవర్ అంతకంటే ఇంకొంచెం ఎక్కువే పడిపోతుంది, సుమారు 20 శాతం అనుకోండి, 180 గుర్రాల్లో 143, 144 మిగుల్తాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పవర్ 20 శాతం తగ్గితే క్లైంబ్ కూడా 20 శాతం తగ్గుతుంది అనుకుంటారు. కాదు. విమానం గాల్లో నిలబడి ముందుకి పోవడానికే పవర్‌లో పెద్ద భాగం ఖర్చవుతుంది, మిగిలినదే పైకి ఎక్కడానికి. పవర్ తగ్గినప్పుడు ఆ మిగులులోంచే మొత్తం కోత పడుతుంది, పైగా పల్చటి గాలిలో నిలబడ్డానికి కావాల్సిన పవర్ ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి 20 శాతం పవర్ పోతే క్లైంబ్ దాదాపు సగానికి వచ్చేస్తుంది. ఆయన రోజూ ఎగిరేది సముద్రం పక్కనున్న ఎయిర్‌పోర్ట్ నుంచి. ఆయన ఒంటికి, కంటికి, చేతికి తెలిసిన క్లైంబ్ వేరు, ఆ ఉదయం విమానం ఇవ్వగలిగిన క్లైంబ్ వేరు. ముక్కు అదే కోణంలో పెడితే అదే స్పీడ్ వస్తుందన్న నమ్మకం అక్కడ పనికిరాదు.

ఇంకో చిన్న సంగతి, దీన్ని పెద్దగా ఎవరూ మాట్లాడరు. ముందు రోజు వాళ్లు ఆగిన రాక్ స్ప్రింగ్స్ ఎయిర్‌పోర్ట్ షయాన్ కన్నా ఇంకో 600 అడుగులు ఎత్తు. అక్కడి నుంచి బాగానే లేచారు. "నిన్న అంతకంటే ఎత్తు నుంచి లేచింది కదా, ఇవాళ ఎందుకు లేవదు" అన్న ఆలోచన ఏ పైలట్‌కైనా వస్తుంది, ఆయనకీ వచ్చే ఉంటుందని నా అనుమానం. బరువు, గాలి, వాన వేరు అయినప్పుడు నిన్నటి టేకాఫ్ ఇవాళ్టికి సాక్ష్యం కాదు. పర్ఫార్మెన్స్ చార్ట్ తీసి ఇవాళ్టి అంకెలు పెట్టి చూడాల్సిందే, అది కూడా 2500 పౌండ్ల దాకే, ఎందుకంటే 2596 పౌండ్లకి ఆ పుస్తకంలో గీతే ఉండదు. లిమిట్ దాటినవాడు టెస్ట్ పైలట్ అయినట్టే, తేడా ఏంటంటే టెస్ట్ పైలట్‌కి ఆ సంగతి తెలుసు.

కార్డినల్ గురించి కూడా ఒక మాట. 1968లో మొదటిసారి వచ్చిన 177 కి 150 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టారు, పాపం దానికి ఆ ఇంజిన్ చాల్లేదని పేరు పడింది, తర్వాత మోడల్‌కి 180 ఇచ్చారు, 177బి కి రెక్క ఆకారం మార్చి ప్రొపెల్లర్ కూడా కాన్‌స్టంట్ స్పీడ్‌ది పెట్టారు. కాబట్టి ప్రమాదం జరిగిన మోడల్ చెడ్డది కాదు, మంచి విమానమే. కానీ దాని డిజైన్‌లో ఒకటి మనకి ఇక్కడ కావాలి. మిగతా చాలా చిన్న సెస్నాల్లో రెక్క పైలట్ తల మీదే ఉండి, తిరిగేటప్పుడు ఆ వైపు చూపు మూసేస్తుంది. కార్డినల్‌లో రెక్కని వెనక్కి జరిపారు, కాబట్టి తిరిగేటప్పుడు కూడా పక్కకి, కిందకి నేల బాగా కనిపిస్తుంది. అందరూ మెచ్చుకునే గుణం అది. దాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తా.

ఇక ఆ ఉదయం గాలి. ఎన్‌టీఎస్‌బీ రిపోర్ట్‌లో నాకు ఎక్కువ బాధ అనిపించే భాగం ఇదే, ఎందుకంటే సమాచారం లేక జరిగింది కాదు. ఇన్‌స్ట్రక్టర్ ఉదయమే వెదర్ బ్రీఫర్‌తో (పైలట్లకి వాతావరణం చెప్పే ఉద్యోగి) ఫోన్‌లో మాట్లాడాడు, చల్లటి ఫ్రంట్, ఐసింగ్ (విమానం మీద మంచు పట్టడం), టర్బులెన్స్ (గాలి కుదుపులు), మేఘాల గురించి అన్నీ చెప్పారు. తూర్పు వైపు చూస్తే బాగానే ఉంది అన్నట్టు మాట్లాడాడు, నిజమే, వెళ్లాల్సిన వైపు తెరిపిగానే ఉంది, తుఫాను వెనక నుంచి వస్తోంది. ఊళ్లోని రేడియో స్టేషన్ ప్రోగ్రామ్ డైరెక్టర్ ఉండిపొమ్మని కూడా అన్నాడు, తుఫాను కంటే ముందే వెళ్లిపోవాలని వీళ్ల పట్టు. టాక్సీ చేస్తుండగా విజిబిలిటీ మూడు మైళ్ల కంటే కిందకి పడింది, ఫీల్డ్ ఐఎఫ్‌ఆర్ అయింది, అంటే బయటికి చూస్తూ కాకుండా పరికరాలు చూసి ఎగరాల్సిన పరిస్థితి, ఏం చేద్దామనుకుంటున్నారు అని టవర్ అడిగింది. ఆయన "స్పెషల్ ఐఎఫ్‌ఆర్" అడిగాడు. అలాంటిది లేదు. ఉన్నది స్పెషల్ వీఎఫ్‌ఆర్, అంటే మామూలు విజువల్ లిమిట్స్ లేకపోయినా ఒక మైలు చూపు ఉండి, మేఘాలు తగలకుండా ఉంటే ఎయిర్‌పోర్ట్ పరిధి దాటి వెళ్లనిచ్చే అనుమతి. చివరికి అదే తీసుకున్నాడు. టవర్ చెప్పిన గాలి 280 డిగ్రీల నుంచి 20 నాట్లు, గస్ట్‌లు 30. అంతకు ముందే లేచిన ఇంకో సెస్నా పైలట్ ప్లస్ ఆర్ మైనస్ 15 నాట్ల విండ్ షియర్ (గాలి వేగం ఒక్కసారిగా పెరగడం, తగ్గడం) ఉందని రిపోర్ట్ చేశాడు, టవర్ దాన్ని కూడా ఈయనకి చేరవేసింది.

ప్లస్ ఆర్ మైనస్ 15. ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇప్పుడు నేను చెప్పేవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న గుండు అంకెలు, ఆ విమానం మాన్యువల్ అంకెలు కావు. మామూలుగా 60 నాట్ల దగ్గర స్టాల్, పైకెక్కే స్పీడ్ 75 అనుకుందాం. మార్జిన్ 15. బరువు ఎక్కువ కాబట్టి స్టాల్ 61. తిరగడానికి ఇరవై డిగ్రీల బ్యాంక్ (రెక్కల వాలు) పెడితే స్టాల్ 63, ముప్పై అయితే 66 దగ్గరికి. అంటే ముప్పై డిగ్రీల మలుపులో మిగిలింది తొమ్మిది నాట్లు. అది కూడా పైలట్ 75 ని గట్టిగా పట్టుకుని ఉంటేనే. అవతల పైలట్ చెప్పింది 15 నాట్లు ఒక్కసారిగా పోవచ్చని. ఇక ఆ రెక్క మీద వాన పడుతోంది, అది కూడా రెక్క లిఫ్ట్‌ని కొద్దిగా తినేదే. అంటే టవర్ నుంచి వచ్చిన ఆ ఒక్క రిపోర్ట్‌లోనే మొత్తం లెక్క ఉంది: మనకున్న మార్జిన్ కంటే గాలి ఊగిసలాట పెద్దది. తేలికగా ఉన్న విమానం, సముద్ర మట్టం అయినా నేను ఆ రిపోర్ట్ విన్నాక పార్కింగ్‌కి తిరిగి వెళ్లిపోతా.

ఇప్పుడు మలుపు. నా లెక్కలో ఈ ప్రమాదం గుండెకాయ ఇక్కడుంది.

వాళ్లు వెళ్లాల్సింది తూర్పుకి, లేచింది వాయవ్యానికి. గాలి కూడా దాదాపు ముందు నుంచే. తుఫాను అటే. కాబట్టి లేవగానే కుడికి తిరిగి తుఫానుకి వీపు పెట్టాలన్న తొందర సహజం. అలా తిరిగితే ఎదురుగాలి కాస్తా వెనక గాలి అవుతుంది. డౌన్‌విండ్ టర్న్ అని దీని మీద పైలట్లు ఎన్ని దశాబ్దాలుగా వాదించుకుంటున్నారో. గాలి నిలకడగా ఉంటే విమానానికి గాలి ఎటు నుంచి వస్తుందో తెలియదు, ఎటు తిరిగినా ఎయిర్‌స్పీడ్ అంతే ఉంటుంది, ఇది ఫిజిక్స్, ఇందులో అనుమానం లేదు. కానీ ఆ "నిలకడగా ఉంటే" అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంది. గస్ట్‌లు 30 కొడుతున్నప్పుడు గాలి నిలకడ కాదు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది, వెనక గాలితో పైకెక్కుతుంటే ప్రతి వంద అడుగులకీ వెనక నుంచి కొంచెం ఎక్కువ తోస్తుంది, ఎయిర్‌స్పీడ్ కొంచెం కొంచెం కొరుకుతుంది. అయినా అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ కంటికి తగులుతుంది.

పల్చటి గాలిలో మీటర్ 75 చూపిస్తే విమానం నిజంగా గాలిలో పోయే వేగం 83 నాట్లు ఉంటుంది. ఎదురుగాలి 20 ఉంటే నేల మీద 63. అదే తిరిగి వెనక గాలి 20 అయితే నేల మీద 103. మీటర్‌లో ముల్లు కదల్లేదు, కింద ఇళ్లు మాత్రం 40 నాట్లు ఎక్కువ వేగంతో వెనక్కి పరిగెడుతున్నాయి. స్టేషన్‌లో పక్క ట్రైన్ కదిలితే మన ట్రైనే కదిలిందనుకుంటాం చూడండి, కన్ను అలాగే ఇక్కడ కూడా నమ్మేస్తుంది: స్పీడ్ బోలెడు ఉంది అని. ఇంకోటి, నిమిషానికి 400 అడుగులు ఎక్కుతోందనుకుంటే, 63 నాట్ల మీద ప్రతి వెయ్యి అడుగుల దూరానికి 63 అడుగుల ఎత్తు వస్తుంది, 103 మీద 38 మాత్రమే. అంటే ఎక్కే కోణం సగానికి దగ్గరగా పడిపోయినట్టు కనిపిస్తుంది. స్పీడ్ ఎక్కువుంది, ఎత్తు రావట్లేదు. రెండూ కలిసి చేతికి ఒకే సలహా ఇస్తాయి, యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగు అని. లాగితే ముల్లు పడుతుంది. ముల్లు వైపు చూస్తే గానీ తెలియదు.

ఎన్‌టీఎస్‌బీ కూడా ఇదే సందేహం రాసింది, వెనక గాలి వైపు తిరగడం వల్ల స్టాల్‌కి ఎంత దూరంలో ఉన్నాడో తప్పుగా అంచనా వేసి ఉండొచ్చు, గ్రౌండ్ స్పీడ్‌ని (నేలతో పోలిస్తే వేగం) ఎయిర్‌స్పీడ్ అనుకుని, క్లైంబ్ తగ్గినట్టు అనిపించి ముక్కు ఎత్తి ఉండొచ్చు అని. దీనికి నేను ఒకటి కలుపుతా, ఇది నా అభిప్రాయం, రిపోర్ట్‌ది కాదు. ఆయన కుడి సీట్లో ఉన్నాడు. ఎయిర్‌స్పీడ్ మీటర్ ఎడమ వైపు ప్యానెల్‌లో ఉంటుంది, దాన్ని ఆయన పక్క నుంచి, ఏటవాలుగా, ఎత్తు కుషన్ మీద కూర్చున్న పిల్ల ముందు నుంచి చూడాలి, టర్బులెన్స్‌లో తల ఊగుతుండగా. మలుపేమో కుడికి. ఇందాక చెప్పానే, కార్డినల్‌లో మలుపు వైపు నేల బాగా కనిపిస్తుందని. వాన కొట్టి ముందు అద్దం మసకగా ఉంటే కన్ను ఎటు పోతుంది? తన పక్క కిటికీలోంచి కిందకే పోతుంది. నిజం చెప్పే మీటర్ దూరంగా, అబద్ధం చెప్పే నేల దగ్గరగా. కుడి సీట్లో వందల గంటలు కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్లు కూడా మంచి వాతావరణంలో ఆ ఏటవాలు చూపులో రెండు మూడు నాట్లు తప్పు చదువుతారు. మన దగ్గరున్న మార్జిన్ తొమ్మిది.

స్టాల్ అయ్యాక చేయగలిగింది ఏమీ లేదు. బ్యాంక్‌లో, బహుశా రడ్డర్ (తోక దగ్గరి చుక్కాని) సరిగ్గా లేకుండా స్టాల్ అయితే ఒక రెక్క ముందు పడుతుంది, ముక్కు నిలువుగా వేలాడుతుంది. దాన్నుంచి బయటికి రావాలంటే ముక్కు వదలాలి, తిరగడం ఆపాలి, స్పీడ్ రానివ్వాలి, మెల్లగా లాగాలి, వీటన్నిటికీ ఎత్తు కావాలి, ఆయన దగ్గరున్న కొన్ని వందల అడుగులు చాలవు. చేయగలిగేది దానికి ముందే ఉంది. రెక్కలు ఊగుతున్నాయంటే, ముక్కు ఎత్తినా ఎత్తు రావట్లేదంటే, అప్పుడే ముక్కు దించి, మలుపు ఆపి, ఎదురుగాలిలోకే నేరుగా వెళ్లి, నేలకి దగ్గరగా అయినా సరే ముల్లు పెరిగే దాకా ఆగాలి. తుఫాను ఎదురుగా ఉన్నప్పుడు మనసు దానికి ఒప్పుకోదని నాకు తెలుసు. ఎదురుగా నల్లటి మేఘం, కింద ఇళ్లు, ఎక్కని విమానం, ఇందులో ముక్కు దించమంటే చేయి వినదు. అందుకే ఆ పరిస్థితిలోకి పోవాలా వద్దా అనే నిర్ణయం రన్‌వే ఎక్కకముందే అయిపోవాలి.

మరి నిర్ణయం ఎందుకు అలా జరిగింది? షెడ్యూల్, కెమెరాలు, అది అందరూ రాసిందే. నన్ను ఎక్కువ ఆపేది చిన్న తప్పుల వరస. ఆ ఉదయం ముందు చక్రానికి చాక్ (చక్రం కదలకుండా పెట్టే దిమ్మ) తీయకుండానే ఇంజిన్ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆపి తీయించాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ రికార్డెడ్ సమాచారం వినకుండానే టాక్సీ అడిగాడు, దాని ఫ్రీక్వెన్సీ చెప్తే సరిగ్గా అందుకోలేదు. లేని క్లియరెన్స్ పేరు అడిగాడు. వీటిల్లో ఏదీ విమానాన్ని పడేయదు. కానీ అనుభవం ఉన్న పైలట్ పావు గంటలో మూడు ఇలాంటివి చేస్తే అతని తల ఆ రోజు పూర్తిగా అక్కడ లేదని అర్థం. ముందు రోజు తెల్లారి నుంచి సాయంత్రం దాకా ఫ్లయింగ్, పిల్ల ఒక లెగ్‌లో, అంటే ప్రయాణంలో ఒక భాగంలో, నిద్రపోయింది, అంటే పని మొత్తం ఆయన మీదే, గాలి గట్టిగా ఉన్నచోట ల్యాండింగ్‌లో కూడా ఆయనే చేయి వేయాల్సి వచ్చింది, సాయంత్రం ఇంటర్వ్యూలు. ముందు రోజు ఆయన అలసటతో ఉన్నాడని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అలసటలో ఉన్నవాడికి తను అలసిపోయానని తెలియదు, అది దాని లక్షణమే. కానీ చాక్ మర్చిపోయానని తెలుస్తుంది. నా స్టూడెంట్స్‌కి నేను పెట్టే రూల్ చాలా మొరటుది: స్టార్టప్ నుంచి రన్‌వే దాకా రెండు మామూలుగా చేయని తప్పులు చేశారంటే ఆ ఫ్లైట్ క్యాన్సిల్, కారణం వెతకక్కర్లేదు, వాతావరణం ఎంత బాగున్నా సరే. కొంతమంది నవ్వుతారు. డబ్బులు వేస్ట్ అంటారు. సరే అననీ.

ఇంకొకటి, విమానంలో "వద్దు" అనగలిగేవాళ్లు ఎవరున్నారు? ఏడేళ్ల పిల్ల అనదు. తండ్రే ఈ ట్రిప్‌ని నడిపిస్తున్నవాడు. ఆయన డబ్బిచ్చి పెట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్, అదే విమానానికి ఓనర్. టవర్ గాలి చెప్తుంది, విజిబిలిటీ చెప్తుంది, అడిగితే స్పెషల్ వీఎఫ్‌ఆర్ ఇస్తుంది, ఎగరాలా వద్దా అని తేల్చడం టవర్ పని కాదు. క్లియరెన్స్ వచ్చిందంటే సేఫ్ అని అర్థం చేసుకునే పైలట్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ అపోహ మాత్రం ఎంత చెప్పినా పోవట్లేదు. వాతావరణం బాగోలేక ఆగడం పైలట్లకి కొత్త కాదు, కానీ ఊరంతా చూస్తుండగా, ఫోన్‌లో ఇంటర్వ్యూ నడుస్తుండగా, రెండో రోజే ఆగడం అంటే ఆయన మీద ఎంత బరువు ఉండి ఉంటుందో, అది ఆ 96 పౌండ్లలో లెక్కకి రాదు.

తర్వాత జరిగింది కూడా చూడాలి. అమెరికా కాంగ్రెస్ అదే ఏడాది అక్టోబర్‌లో పిల్లల పైలట్ సేఫ్టీ చట్టం తెచ్చింది: సర్టిఫికెట్, మెడికల్ లేని వ్యక్తి రికార్డ్ కోసమో, పోటీ కోసమో, ఏదైనా ఘనకార్యం కోసమో విమానం కంట్రోల్స్ పట్టుకుంటున్నాడని తెలిసీ పైలట్ దానికి ఒప్పుకుంటే అతని సర్టిఫికెట్ రద్దు చేయొచ్చు. ఎన్‌టీఎస్‌బీ తుది రిపోర్ట్ వచ్చింది 1997లో. అంటే కారణం తేలకముందే చట్టం వచ్చేసింది. చెడ్డ చట్టం అనను, అది ముందే ఉండుంటే ఆ ట్రిప్ మొదలయ్యేదే కాదు, ఆ పిల్లకి ఇప్పుడు ముప్పై దాటేవి. కానీ ఎడమ సీట్లో ఆ పిల్ల బదులు నలభై ఏళ్ల ప్రైవేట్ పైలట్ కూర్చుని, అదే వాన, అదే షియర్, లిమిట్ మీద అంతే బరువు, సాయంత్రానికి ఇల్లు చేరాలన్న అదే తొందర ఉంటే, ఆ చట్టంలోని ఒక్క అక్షరం కూడా అతన్ని ఆపదు.